565 ఓట్లు (మన ఓటు కథ – 7)



పూనా ఒడంబడిక మీద రాసిన గత భాగం చదివి చాలామంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇంచుమించు ఒకే మాట అడిగారు. "అన్నా, ప్రత్యేక నియోజకవర్గం, ఉమ్మడి నియోజకవర్గం, రిజర్వుడు సీటు... పరీక్షలో రాయమంటే రాసేస్తాం. అసలు తేడా ఏటో మాత్రం బుర్రకెక్కలేదు."

నిజం చెప్పాలంటే నాకూ పుస్తకం చదివితే ఎక్కలేదు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా ఊరి సర్పంచ్ పదవి ఎస్సీలకు రిజర్వు అయింది. మా వాడ నుంచి ఇద్దరు నిలబడ్డారు. వాడలో ఎక్కువమంది ఒకరి వెనక నిలబడ్డారు, గెలిచింది రెండో ఆయన. ఆ తర్వాత పంచాయతీ ఆఫీసుకి వెళ్తే కుర్చీలో ఊరి పెద్ద ఉండేవాడు, పక్కన నిలబడి సంతకం పెట్టేవాడు మా మనిషి. "మన సీటే కదమ్మా, మరి మనం ఓడిపోయామేటి?" అని మా అమ్మని అడిగాను. "సీటు మనదేరా, ఓట్లు వాళ్ళవి" అంది. అమ్మ బడికి వెళ్ళలేదు. పూనా ఒడంబడిక పేరు వినలేదు. కానీ దాని సారం ఆ నాలుగు మాటల్లో చెప్పేసింది.

అందుకే ఈసారి ఉపన్యాసం మానేశాను. గత నెల రెండో శనివారం విజయనగరంలో 40 మంది హాస్టల్ పిల్లలతో ఒక ఆట ఆడించాను. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు. ఆ ఆట ఎలా సాగిందో, అందులోంచి మన జిల్లా చరిత్ర ఎలా బయటికొచ్చిందో ఈ భాగంలో రాస్తున్నాను.

ముందు సరంజామా. 40 చీటీలు, అందులో 8 నీలం, 32 తెలుపు. నాలుగు బిస్కెట్ అట్టపెట్టెలు, ఒక బ్లాక్‌బోర్డు, సుద్దముక్క. నీలం చీటీ వచ్చినవాళ్ళు వాడ, తెలుపు చీటీ వచ్చినవాళ్ళు ఊరు. చీటీలు టోపీలో వేసి తీయించాను. ఎవరి అసలు కులమూ అడగలేదు, అడగకూడదు. మనలో చాలామందికి తరగతి గదిలో కులం చెప్పి నిలబడిన అనుభవం ఉంది. ఆ అవమానం ఆట పేరుతో మళ్ళీ జరగకూడదు. పైగా లాటరీలో రంగు వస్తే ఇంకో లాభం ఉంది. ఊరివాళ్ళ పిల్లవాడికి నీలం రావచ్చు, మన అమ్మాయికి తెలుపు రావచ్చు. అవతలివాడి చోట కూర్చుని ఓటు వేస్తే మనసు ఎటు లాగుతుందో అప్పుడు తెలుస్తుంది.

అభ్యర్థులకు చెట్ల పేర్లు పెట్టాం. నీలం వైపు నుంచి తాటి, పనస, వేప. ఒక్కొక్కరికి చిన్న కార్డు రాసిచ్చాను. తాటి కార్డు మీద: "కూలి రేటు పెంచాలి, చెరువు పక్క భూమి వాడకు పంచాలి." పనస కార్డు మీద: "అందరితో కలిసిపోతాను, ఎవరి మనసూ నొప్పించను." వేప కార్డు మీద: "వాడకు వేరే నీళ్ళ ట్యాంకు కావాలి." ఎవరికి ఓటెయ్యాలో ఎవరికీ చెప్పలేదు.

మొదటి ఆట: 1932 ఆగస్టు

బ్రిటిష్ ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ ప్రకటించిన కమ్యూనల్ అవార్డు. దాని ప్రకారం అణగారిన వర్గాలకు కేటాయించిన సీట్లకు ఆ వర్గాల ఓటర్లే ఓటు వేస్తారు. అది కాక సాధారణ నియోజకవర్గంలో కూడా వాళ్ళకు ఇంకో ఓటు ఉంటుంది.

నీలం చీటీలవాళ్ళు 8 మంది లేచి ఓటేశారు. తాటికి 5, పనసకి 2, వేపకి 1. తాటి గెలిచింది. అర నిమిషంలో అయిపోయింది. తెలుపు చీటీలవాళ్ళు చూస్తూ కూర్చున్నారు. వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి "మరి మాకు ఓటు లేదేటి సార్?" అన్నాడు. "మీ సీట్లు మీకున్నాయి కదా, ఇది వాళ్ళది" అన్నాను. వాడికి నచ్చలేదు. ఎరవాడ జైల్లో ఉన్న గాంధీ గారికీ నచ్చలేదు. 1932 సెప్టెంబర్ 20న నిరాహార దీక్ష మొదలుపెట్టారు.

రెండో ఆట: 1932 సెప్టెంబర్ 24

పూనా ఒడంబడిక. సీట్ల సంఖ్య బాగా పెరిగింది. రాష్ట్రాల శాసనసభల్లో కమ్యూనల్ అవార్డు ఇచ్చినవి 71, ఒడంబడికలో 148. మనం అప్పుడున్న మద్రాసు ప్రెసిడెన్సీలో 18 కాస్తా 30 అయ్యాయి. కానీ ఓటు పద్ధతి మారిపోయింది. ముందు అణగారిన వర్గాల ఓటర్లు ప్రాథమిక ఎన్నికలో నలుగురి ప్యానెల్‌ని ఎన్నుకుంటారు. ఆ నలుగురిలో ఒకరిని ఊరూ వాడా కలిసి ఎన్నుకుంటారు.

మాకు అభ్యర్థులు ముగ్గురే కాబట్టి ప్యానెల్‌ని ఇద్దరికి కుదించాం. మొదటి ఆట ఓట్లనే ప్రాథమిక ఎన్నికగా తీసుకుంటే తాటి, పనస మిగిలారు. ఇప్పుడు 40 మందీ ఓటేశారు. వేపకి ఓటేసిన ఒక్కరూ తాటి వైపు వచ్చారు. అంటే వాడ ఓట్లు తాటికి 6, పనసకి 2. తెలుపు చీటీల్లో 9 తాటికి, 23 పనసకి. మొత్తం లెక్క: పనస 25, తాటి 15.

గదిలో ఒక్కసారిగా గోల. తాటి కార్డు పట్టుకున్న అమ్మాయి బోర్డు దగ్గరికొచ్చి తన పేరు పక్కన ఉన్న అంకెను చూస్తూ నిలబడిపోయింది. "సార్, మావాళ్ళు 8 మందిలో 6 గురు నాకే వేశారు. అయినా ఓడిపోయాను. మరి ఈ సీటు ఎవరిది?" అంది.

నేను జవాబు చెప్పలేదు. తెలుపు చీటీల వైపు తిరిగి ఎందుకు పనసకి వేశారో అడిగాను. ఒక అమ్మాయి చాలా నిజాయితీగా చెప్పింది. "తాటి గెలిస్తే కూలి పెరుగుద్ది కదా సార్. మాకు భూములున్నాయని మీరే కదా చెప్పారు. పనస అయితే ఏ గొడవా లేదు." ఆ అమ్మాయి తండ్రి అసలు జీవితంలో కూలీయే అని తర్వాత తెలిసింది. తెల్ల చీటీ పట్టుకున్న అరగంటకే భూమి ఉన్నవాడిలా ఆలోచించింది. ఇక్కడ ఎవరూ ఎవర్నీ ద్వేషించలేదు. ఎవరి లాభం వాళ్ళు చూసుకున్నారు. 32 మంది తమ లాభం చూసుకుంటే 8 మంది ప్రతినిధి మారిపోయాడు. ఉమ్మడి నియోజకవర్గం మీద బాబాసాహెబ్ అభ్యంతరం సరిగ్గా ఇదే. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ఆయన మళ్ళీ ప్రత్యేక నియోజకవర్గాలే అడిగారు.

మూడో ఆట: 1947 ఆగస్టు

ఈ ఆట గురించి మన పాఠ్యపుస్తకాల్లో నేను ఎక్కడా చదవలేదు. రాజ్యాంగ సభలో కర్నూలు ప్రాంతానికి చెందిన దళిత సభ్యుడు ఎస్. నాగప్ప ఒక సవరణ పెట్టారు. రిజర్వుడు సీటులో అందరూ ఓటెయ్యండి, ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళే గెలవండి, కానీ గెలిచే మనిషికి దళితులు వేసిన ఓట్లలో కనీసం 35 శాతం వచ్చి ఉండాలి. ఇదీ ఆయన అడిగింది. వేరే ఓటర్ల జాబితా అడగలేదు, ఊరివాళ్ళ ఓటు తీసెయ్యమనలేదు. మా ఓట్లలో మూడో వంతు అయినా లేకుండా మా ప్రతినిధి అనిపించుకోవద్దు అన్నారంతే.

బోర్డు మీద రెండో ఆట అంకెలు అలాగే ఉంచి, ఈ నియమం ఒక్కటి చేర్చాం. పనసకి వాడ ఓట్లు 8లో 2, అంటే 25 శాతం. చాల్లేదు. తాటికి 6, అంటే 75 శాతం. తాటి గెలిచింది! అమ్మాయి ఎగిరి గంతేసింది. ఒక్క చీటీ కూడా మారలేదు, ఒక్క మనసు కూడా మారలేదు. లెక్కపెట్టే నియమం మారింది.

మరి ఆ సవరణ ఏమైంది? సర్దార్ పటేల్ గట్టిగా వ్యతిరేకించారు. నాగప్ప గారు సవరణ వెనక్కి తీసుకున్నారు. మూడో ఆట మన దేశంలో ఎప్పుడూ ఆడలేదు.

నాలుగో ఆట: పార్వతీపురం, 1957

ఇక మన జిల్లాకి వద్దాం. ముందు ఒక మనిషిని పరిచయం చెయ్యాలి. వరాహగిరి వెంకటగిరి. మనం వి.వి. గిరి అంటాం. బరంపురంలో పుట్టారు, కార్మిక నాయకుడు. 1937లో మద్రాసు శాసనసభ ఎన్నికల్లో బొబ్బిలి రాజాని ఓడించారు. ఆ రాజా అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రి. అప్పట్లో ఆస్తి, పన్ను, చదువు ఉన్నవాళ్ళకే ఓటు, మన తాతల్లో చాలామందికి ఆ ఓటు లేదు. అయినా ఒక రాజుని ఓ కార్మిక నాయకుడు ఓడించడం చిన్న విషయం కాదు. 1952లో గిరి గారు పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల విషయంలో ప్రభుత్వంతో విభేదించి రాజీనామా చేశారు. అంతటి మనిషి 1957లో కాంగ్రెస్ తరఫున పార్వతీపురం నుంచి నిలబడ్డారు.

అప్పుడు పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలో ఉంది. అది ద్విసభ్య నియోజకవర్గం. ఒకే నియోజకవర్గం, ఇద్దరు ఎంపీలు. ఒక సీటు ఎస్టీలకు రిజర్వు. ప్రతి ఓటరుకీ రెండు ఓట్లు. ఒకే అభ్యర్థికి రెండూ వెయ్యకూడదు. లెక్క ఇలా: ముందు ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళకు రిజర్వుడు సీటు ఇవ్వాలి. తర్వాత మిగిలిన అందరిలో, అవును, అందరిలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళకు రెండో సీటు.

మేం నాలుగు పెట్టెలు పెట్టాం. తాటి, పనస నీలం వైపు నుంచి. చింత, జీడి తెలుపు వైపు నుంచి. ప్రతి ఒక్కరికీ రెండు చీటీలు. 80 ఓట్లు లెక్కపెడితే: పనస 22, తాటి 21, జీడి 19, చింత 18. రిజర్వుడు సీటు పనసకి. రెండో సీటు? మిగిలిన ముగ్గురిలో తాటిదే ఎక్కువ.

జీడి కార్డు పట్టుకున్న అబ్బాయి ఊరుకోలేదు. "అదేటి సార్! తాటి రిజర్వుడు సీటుకి కదా నిలబడింది. జనరల్ సీటుకి నిలబడింది నేను, చింత. నా సీటులో తను ఎలగ కూకుంటాది?"

"బాబూ, సరిగ్గా ఇదే ప్రశ్న వి.వి. గిరి గారు సుప్రీంకోర్టులో అడిగారు" అన్నాను. ఆ వంద గజాల గదిలో అప్పుడు పడిన నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది.

పార్వతీపురం అంకెలు బోర్డు మీద రాశాను. బిడ్డిక సత్యనారాయణ 1,26,792. డిప్పల సూరి దొర 1,24,604. వి.వి. గిరి 1,24,039. వి. కృష్ణమూర్తి నాయుడు 1,18,968. మొదటి ఇద్దరూ గిరిజనులు. సత్యనారాయణకి రిజర్వుడు సీటు, సూరి దొరకి రెండో సీటు. కేంద్ర మంత్రిగా చేసిన గిరి గారు 565 ఓట్ల తేడాతో ఓడిపోయారు.

పిల్లలకు ఒక లెక్క ఇచ్చాను. ఇద్దరు గిరిజన అభ్యర్థులకు కలిపి ఎన్ని? 2,51,396. మిగతా ఇద్దరికి? 2,43,007. తేడా 8,389. ప్రతి ఓటరూ ఒకటి గిరిజనుడికి, ఒకటి గిరిజనేతరుడికి వేసి ఉంటే రెండు మొత్తాలూ సమానంగా ఉండాలి. లేవు. అంటే కొందరు రెండు ఓట్లూ కొండ మనుషులకే వేశారు, లేదా వాళ్ళకు ఒక్కటి వేసి రెండోది ఎవరికీ వెయ్యకుండా వచ్చేశారు. మా గదిలోనూ అంతే. ముగ్గురు తమ రెండు చీటీలూ నీలం అభ్యర్థులకే వేశారు. ఆ ముగ్గురి వల్ల రెండో సీటు మారిపోయింది.

కోర్టులో గిరి గారి వాదనలు రెండు. మొదటిది మా జీడి అబ్బాయి అడిగిందే. రెండోది ఇంకా ఆలోచించాల్సింది. సూరి దొర కుటుంబం మూకదొర తెగలో లేదు, క్షత్రియులైపోయింది, కాబట్టి ఆయన గిరిజనుడే కాదు అన్నారు. చూడండి, కొండ మనిషి రిజర్వుడు సీటులో ఉన్నంతసేపూ ఎవరికీ అనుమానం రాదు. జనరల్ సీటులోకి వచ్చి కూర్చునేసరికి అతని పుట్టుక మీద కేసు పడుతుంది.

1959లో సుప్రీంకోర్టు రెండు వాదనల్నీ ఒప్పుకోలేదు. క్షత్రియ ఆచారాలు పాటించినంత మాత్రాన, కాగితాల్లో అలా రాసుకున్నంత మాత్రాన పుట్టిన తెగ పోదని మెజారిటీ తీర్పు. ఇక సీటు సంగతి: రిజర్వుడు సీటుకి అర్హత అనేది అదనపు హక్కు, దాని వల్ల జనరల్ సీటు మీద ఉన్న హక్కు పోదు. సూరి దొర ఎంపీగా నిలిచారు.

ఆట మధ్యలో నియమం మార్చేస్తే

ఇక్కడితో కథ అయిపోతే ఈ భాగం రాసేవాణ్ణి కాదు. 1961లో పార్లమెంటు ద్విసభ్య నియోజకవర్గాల రద్దు చట్టం చేసింది. నియోజకవర్గాలు మరీ పెద్దవైపోయాయి, ఖర్చు ఎక్కువ, ప్రతినిధి జనానికి అందడు అన్నారు. ఆ మాటల్లో నిజం లేకపోలేదు. కొండలూ మైదానమూ కలిపి ఐదారు తాలూకాలు నడిచి తిరగాల్సిన పేద అభ్యర్థికి అది భారమే. కానీ జనరల్ సీటు చేజారుతోందన్న భయమూ ఆ రోజుల్లో రాజకీయ నాయకుల్లో ఉంది. 1962 నుంచి ఒక నియోజకవర్గానికి ఒక్కరే. రిజర్వుడు అయితే రిజర్వుడు, జనరల్ అయితే జనరల్.

చట్టం ప్రకారం ఈ రోజుకీ దళితుడు గానీ గిరిజనుడు గానీ జనరల్ సీటులో పోటీ చెయ్యొచ్చు. అడ్డేమీ లేదు. కానీ ఒక్క టికెట్టే ఉన్నచోట పార్టీలు దాన్ని మనకు ఇవ్వడం ఎంత అరుదో మీకు తెలుసు. జనరల్ అంటే అందరిదీ అని అర్థం. మన జిల్లాలో ఎవర్నైనా అడగండి, అది ఓసీలదో బీసీలదో అంటారు. రెండు ఓట్లు ఉన్న రోజుల్లో పార్టీ దయ లేకుండానే ఆ తలుపు తెరుచుకునేది. ఆ తలుపు తీసేశారు. మనకు మిగిలింది రెండో ఆట, అది కూడా ప్యానెల్ లేకుండా.

అలాగని ద్విసభ్య పద్ధతి స్వర్గమని నేను అనడం లేదు. 1952లో బాబాసాహెబ్ బొంబాయి ఉత్తర నియోజకవర్గంలో ఇదే పద్ధతిలో ఓడిపోయారు. రిజర్వుడు సీటు కాంగ్రెస్ అభ్యర్థి నారాయణ్ కజ్రోల్కర్‌కి పోయింది, తేడా 14 వేలకు పైనే. పార్వతీపురంలో తలుపు తెరిచిన పద్ధతే బొంబాయిలో రాజ్యాంగ నిర్మాత మొహం మీద తలుపు వేసింది. అందుకే ఏ పద్ధతినీ పూజించకండి. ఎవరి ఓట్లతో ఎవరు గెలుస్తున్నారు, ఆ లెక్క ఎవరు రాశారు, ఈ రెండూ అడగండి.

చివరి ఆట: 1969

జీడి అబ్బాయి మొహం చిన్నబోయింది కాబట్టి వాడి కోసం ఒక ఆట మిగిల్చాను. 1969 రాష్ట్రపతి ఎన్నిక. ఇది ఎంపీలు, ఎమ్మెల్యేలు వేసే ప్రాధాన్యత ఓటు. ఒక్కొక్కరి ఓటుకి ఒక్కో విలువ. మొదటి ఎంపిక ఎవరు, రెండో ఎంపిక ఎవరు అని వరుసగా రాస్తారు. పోటీ ప్రధానంగా ఇద్దరు తెలుగువాళ్ళ మధ్య: వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి. మొదటి లెక్కలో గిరి 4,01,515, సంజీవరెడ్డి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్ 1,12,769. గెలవాలంటే 4,18,169 కావాలి. ఎవరికీ రాలేదు. వెనకబడిన వాళ్ళని ఒక్కొక్కరినీ తీసేసి వాళ్ళ రెండో ఎంపికలు పంచుతూ పోతే చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. రెండో ఎంపికల్లో ఎక్కువ భాగం సంజీవరెడ్డికే వెళ్ళాయి, అయినా గిరి గారు దాటేశారు.

పార్వతీపురంలో ఒక లెక్క ఓడించిన మనిషిని ఢిల్లీలో ఇంకో లెక్క రాష్ట్రపతిని చేసింది. గిరి గారికి ఇంకో ఆట దొరికింది. సూరి దొర గెలిచిన ఆటని మాత్రం మళ్ళీ ఎవరూ ఆడకుండా ఎత్తేశారు. ఈ తేడా పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చెప్పారు, నేను చెప్పలేదు.

ఆట అయ్యాక తాటి అమ్మాయి ఒక మాట అడిగింది. వాళ్ళ హాస్టల్లో మెస్ కమిటీ ఉంది. ఎప్పుడూ సీనియర్లు చెప్పినవాళ్ళే ఉంటారు, చేతులెత్తించి అయిందనిపిస్తారు. "సార్, ఇద్దరేసి ఓట్లు పెట్టి, చీటీలతో ఎన్నిక పెట్టమని అడగొచ్చా? ఒకటి ఫస్టియర్‌వాళ్ళకి వదిలి, రెండోది అందరికీ." మన కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలైంది. ఓటు హక్కు వచ్చేదాకా ఓటు పెట్టె ముట్టుకోని తరం మనది. అడగమన్నాను. మర్నాడు వార్డెన్‌కి అర్జీ ఇచ్చారు, కింద 31 సంతకాలు. ఇంకా జవాబు రాలేదు.

ఈ ఆటకి పెద్ద ఖర్చు లేదు. చీటీలు, నాలుగు అట్టపెట్టెలు, రెండు గంటలు. ఫలితం ముందే చెప్పకండి. నిజమైన కులం అడగకండి. ఒకసారి అయ్యాక రంగులు మార్చి మళ్ళీ ఆడించండి. ఓడినవాళ్ళని మాట్లాడనివ్వండి, ఎందుకంటే ప్రశ్న వాళ్ళ దగ్గరే ఉంటుంది. మీ దగ్గర ఏం అంకెలు వచ్చాయో నాకు రాయండి.

వచ్చే భాగంలో పంచాయతీ రిజర్వేషన్ల రొటేషన్ గురించి, మా అమ్మ చెప్పిన ఆ కుర్చీ గురించి.

జై భీమ్.